మడత చాకు జేబులో వేసుకునే ముందు

మామిడిపళ్ల సీజన్, సెలవు ప్రయాణాలు. బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– విమానమైతే చాకు చెకిన్ లగేజీలోకి. హ్యాండ్‌బ్యాగులో మర్చిపోతే సెక్యూరిటీ దగ్గరే వదులుకోవాలి. నాన్నగారి చాకు నేనలాగే పోగొట్టుకున్నాను. మెట్రో ఎక్కే రోజు ఇంట్లోనే ఉంచండి.

– లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? అక్కడ ఊరికే జేబులో పెట్టుకుని తిరగాలంటే చాకు మడతది కావాలి, లాక్ ఉండకూడదు, అంచు 3 అంగుళాలు దాటకూడదు. పిడి దగ్గర రింగు తిప్పితే బ్లేడు లాకయ్యే ఫ్రెంచ్ మడత చాకు ఒపినెల్ 8వ నంబరును అలా జేబులో పెట్టుకుని తిరగకూడదు.

– పాతకాలం చాకులో బ్లేడును పట్టి ఉంచేది వెనకాల స్ప్రింగ్ ఒక్కటే. మొనతో పొడిచినా, డబ్బా మూత పెకలించినా మడత పడేది మన వేళ్ల మీదికే.

– మొద్దుబారిందా? టమాటా తోలు మీద ఆనించి లాగండి. తెగకుండా జారితే సానపట్టాల్సిందే. మొద్దు చాకును బలంగా నొక్కుతాం, అది జారుతుంది.

– స్టెయిన్‌లెస్ కాకపోతే, మామిడి కోశాక వెంటనే తుడవండి. పులుపుకి గంటలోనే నల్లబడుతుంది. తడితో మడిస్తే తుప్పే.

– మడత కీలుకి వంటనూనె వద్దు, జిగటైపోతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, బ్లేడు మీదికి కారింది తుడిచేయండి.