నైట్ డ్యూటీకి టార్చ్ కొనేముందు

టార్చ్ కొనడానికి వెళ్తే ముందు కన్ను పడేది డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న లూమెన్ల అంకె మీదే. దాన్ని పక్కన పెట్టి డబ్బా వెనక్కి తిప్పండి. క్యాండెలా అని ఎక్కడైనా రాసుందా చూడండి. లేకపోతే బీమ్ డిస్టెన్స్ అని మీటర్లలో రాసుందా చూడండి. రెండూ లేవంటే ఆ డబ్బా కొట్టువాడికి తిరిగి ఇచ్చేయండి.

వైజాగ్‌లో గాజువాక, ఆటోనగర్ వైపు గోడౌన్లకు, యార్డులకు గార్డులను పంపే ఏజెన్సీలో నేను ఫీల్డ్ ఆఫీసర్‌ని. నేవీలో సర్వీసు పూర్తిచేసి ఇందులోకి వచ్చాను. కొత్తగా చేరిన కుర్రాళ్లు యూనిఫామ్, విజిల్, లాఠీ చేతికి రాగానే అడిగేది టార్చ్ గురించే. కంపెనీ ఇచ్చే లైటు ఏ మూలకీ చాలదని వాళ్లకి మొదటి రాత్రే తెలిసిపోతుంది. అందుకే సొంత డబ్బు పెట్టి కొంటారు. ఆ డబ్బు వృథా పోకూడదనే నేనిదంతా చెప్తాను.

లూమెన్ అంటే లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుతురు. అది ఎటు పోతుందన్నది వేరే లెక్క. కొళాయి పైపు మూతిని వేలితో నొక్కితే అవే నీళ్లు గోడ దాటి పడతాయి, వదిలేస్తే కాళ్ల దగ్గరే మడుగు కడతాయి. క్యాండెలా చెప్పేది ఆ నొక్కుడు గురించి. 3,000 లూమెన్లని రాసుకున్న లైటు యాభై అడుగుల మేర తెల్లగా పరిచేసి అక్కడితో ఆగిపోవచ్చు. 800 లూమెన్ల లైటు యార్డు చివర కాంపౌండ్ వాల్ మీదున్న ముళ్లకంచెను చూపించవచ్చు.

లెక్క కూడా సులువే. క్యాండెలా అంకెకు వర్గమూలం తీసి రెండుతో హెచ్చవేయండి, మీటర్లలో దూరం వస్తుంది. 10,000 క్యాండెలా అయితే 200 మీటర్లు. 40,000 అయితే 400. అంటే దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగు రెట్లు కావాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ చివరి మీటరు దగ్గర పడే వెలుతురు 0.25 లక్స్ మాత్రమే, అంటే ఇంచుమించు నిండు పౌర్ణమి వెన్నెలంత. ఆ వెన్నెల్లో అక్కడ ఏదో కదిలిందని తెలుస్తుంది కానీ, అది మనిషా, కుక్కా, గాలికి ఎగిరే టార్పాలినా అన్నది తెలియదు. మనిషి చేతిలో ఏముందో పోల్చుకోవాలంటే ఆ దూరంలో మూడో వంతే నమ్ముకోమంటాను.

అలాగని అందరికీ దూరం కొట్టే లైటే అక్కర్లేదు. మీ పోస్ట్ ఎక్కడో ముందు చూసుకోండి. కంటైనర్ యార్డు, రైల్వే సైడింగ్, పొడుగాటి కాంపౌండ్ ఉన్నవాళ్లకు 15,000 క్యాండెలా పైన ఉంటే బాగుంటుంది. గోడౌన్ లోపల రాక్‌ల మధ్య తిరిగేవాళ్లకు అదే లైటు ఇబ్బంది పెడుతుంది. నాలుగడుగుల దూరంలో తెల్ల గోడకో కొత్త రేకుకో తగిలి వెలుగంతా మన కళ్లలోనే కొడుతుంది. లోపల తిరిగేవాళ్లకు వెడల్పుగా పరిచే లైటు, అది కూడా తగ్గించుకునే వీలున్నది కావాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కైతే మామూలు లైటు చాలు, దాని గురించి ఇంత ఆలోచించక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది స్విచ్. నా మట్టుకు నేను తోకస్విచ్, అంటే వెనక కొసన ఉండే స్విచ్, లేని లైటు డ్యూటీకి ఒప్పుకోను. పిడికిట్లో పట్టుకుంటే బొటనవేలు దానంతటదే వెళ్లి కూర్చునేచోట స్విచ్ ఉండాలి. సగం నొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. పూర్తిగా నొక్కితే నిలబడి వెలగాలి. మొదటి నొక్కుకే ఫుల్ రావాలి. చాలా చవక లైట్లలో ఒక నొక్కుకు ఫుల్, రెండోదానికి మీడియం, మూడోదానికి లో, ఆ తర్వాత స్ట్రోబ్ (టపటపా ఆరి వెలిగేది), ఎస్ఓఎస్ అని వరస ఉంటుంది. చీకట్లో గేటు దగ్గర ఎవరో నిలబడితే ఆ వరస ఎవరికి గుర్తుంటుంది? శ్రీకాకుళం నుంచి వచ్చిన మా గార్డు ఒకాయన కొత్త లైటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఏటి సార్ ఇది, ఆపుదావంటే టపటపా కొట్టుకుంతంది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. స్ట్రోబ్ ఎదుటివాడితో పాటు వాడేవాణ్నీ తికమక పెడుతుంది. వాన పడుతుంటే మరీనూ. పక్కన వేరే బటన్‌కి స్ట్రోబ్ ఉంటే ఉండనివ్వండి, మెయిన్ స్విచ్ వరసలో మాత్రం వద్దు.

లో మోడ్ ఐదు పది లూమెన్ల దాకా దిగాలి. రిజిస్టర్ రాయడానికి, తాళం చెవి వెతకడానికి అంతకంటే అక్కర్లేదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఫుల్ లైటు తెల్లకాగితం మీద వేసుకుని సంతకం చేస్తే అదంతా ఒక్క క్షణంలో పోతుంది. ఆ తర్వాత కాసేపు మీకు గేటు బయట ఏమీ కనపడదు.

ఈమధ్య కుర్రాళ్లు పిస్టల్ గొట్టం కింద ఉండే పట్టాకి (రైల్‌కి) బిగించే లైట్ల గురించి అడుగుతున్నారు. మా గన్‌మ్యాన్లకు ఉన్నవి లైసెన్స్ మీద తెచ్చుకున్న పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తుపాకులు. వాటికి లైటు బిగించే పట్టా ఉండదు. కాబట్టి మాకు ఆ ప్రశ్నే రాదు. అయినా చెప్తాను, ఎందుకంటే ఆ లైటును టార్చ్‌లా వాడొచ్చని చాలామంది అనుకుంటున్నారు. తుపాకీకి బిగించిన లైటు ఎటు తిరిగితే గొట్టమూ అటే తిరుగుతుంది. గేటు దగ్గరున్నది ఎవరో చూద్దామని లైటు వేశారంటే ఆ మనిషి గుండెకి తుపాకీ గురిపెట్టినట్టే. అది పాలు పోసేవాడు కావచ్చు, తర్వాతి షిఫ్ట్‌కి వచ్చే మీ రిలీవరే కావచ్చు. అందుకని తుపాకీకి లైటున్నవాళ్లు కూడా వెతకడానికి చేతిలో వేరే టార్చ్ పెట్టుకోవాలి. లైసెన్స్ పిస్టల్ ఉండి, దానికి పట్టా కూడా ఉండి, లైటు కొనాలనుకునేవాళ్లు మూడు చూసుకోండి. ఆ పట్టా పికాటినీ అనే అందరూ వాడే కొలతదా, కంపెనీ సొంత కొలతదా? లైటు బిగించాక మీ హోల్‌స్టర్‌లో పడుతుందా? ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోకుండా స్విచ్ అందుతుందా? చాలామంది హోల్‌స్టర్ సంగతి మర్చిపోయి లైటు కొంటారు, తర్వాత హోల్‌స్టర్ కూడా మళ్లీ కొంటారు. బిగించేటప్పుడు వేళ్లు గొట్టం దగ్గరే ఉంటాయి. కాబట్టి మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే లైటు ముట్టుకోవాలి.

ఇక బ్యాటరీ. మోసం జరిగేదంతా ఇక్కడే. మంచి టార్చ్‌లలో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. దాంట్లో నిజంగా పట్టే కెపాసిటీ 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. 9,900 ఎంఏహెచ్ అని మెరిసే కాగితం చుట్టిన సెల్ కనిపిస్తే అబద్ధమని అక్కడికక్కడే తేల్చేయొచ్చు. నమ్మకం కుదరకపోతే తూకం వేయండి. అసలు సెల్ 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. ముప్పైకి అటూ ఇటూ ఉంటే లోపల సరుకు లేదన్నమాట. ఇలా తూచి చూసేందుకు పూర్ణా మార్కెట్లో ఏ పచారీ కొట్టు ఎలక్ట్రానిక్ కాటా అయినా సరిపోతుంది. కాస్త లావైన 21700 సెల్‌లో 5,000 వరకూ నిజంగానే ఉంటుంది. చేతిలో ఇమిడితే దాన్ని తీసుకోండి.

విడిసెల్లు ప్యాంటు జేబులో తాళాలతో కలిపి వేసుకోకండి. తాళం రెండు కొసలకీ తగిలితే షార్ట్ అయి తొడ కాలుతుంది. పది రూపాయల ప్లాస్టిక్ డబ్బీ ఒకటి చాలు. సెల్ బయటికి తీయడానికి వీల్లేని లైట్లు కూడా డ్యూటీకి పనికిరావు. తెల్లారుజామున చార్జింగ్ అయిపోతే ఇంకో సెల్ వేసుకునే దారి ఉండదు.

డబ్బా మీద రన్‌టైమ్ చూసి కూడా మురిసిపోకండి. వెలుతురు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా లెక్కపెట్టిన గంటలవి. టర్బో అని రాసే అంకె కొన్ని నిమిషాలదే, ఒళ్లు వేడెక్కగానే లైటు తనంతట తానే తగ్గిపోతుంది. వైజాగ్ ఉక్కపోతలో ఇంకా ముందే తగ్గుతుంది. మీడియం మోడ్ ఎన్ని గంటలొస్తుందో అదే మీ అసలు అంకె.

రీచార్జి లైటు ఎంత మంచిదైనా ఇంట్లో మామూలు పెన్సిల్ సెల్లతో వెలిగేది ఇంకోటి ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. చార్జింగ్ లైట్లన్నీ ఒక్కటొక్కటే ఆరిపోయాయి. కాకపోతే ఆ పెన్సిల్ సెల్లను లైటులో వేసి అటక మీద పెట్టేయకండి, కారిపోయి తెల్లపొడి కడతాయి. సెల్లు వేరుగా, లైటు వేరుగా పెట్టండి.

మన ఊళ్లో లైటుకి అసలు శత్రువు ఉప్పుగాలి. ఐపీఎక్స్ 7 అని రాసుంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని అర్థం. వానకు అది చాలు. కానీ ఉప్పు పట్టడం గురించి అది ఏమీ చెప్పదు. అల్యూమినియం ఒంటికి గట్టి అనోడైజింగ్ పూత ఉంటే బయట ఏమీ కాదు. తినేసేది మూత తిరిగే మరల దగ్గర. తోకమూత విప్పి చూడండి. చాలా లైట్లకు మరల మీద పూత ఉండదు, తెల్లగా లోహం కనిపిస్తుంది. పోర్టు వైపు పోస్టుల్లో ఆ సందుల్లోకి సన్నటి నల్లదుమ్ము చేరుతుంది, చెమ్మతో కలిసి ముద్ద కడుతుంది, మూత తిప్పితే కరకరమంటుంది. ఆ పైన స్ప్రింగ్ మొదట్లో పచ్చగానో ఎర్రగానో మచ్చ మొదలవుతుంది. లైటు మిణుకుమిణుకుమంటోందని తెచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. పాత బనీను గుడ్డతో మరలు తుడిచి, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు గింజంత రాయండి. వాజిలీన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. కొనేటప్పుడే రెండు రింగులు అదనంగా ఇచ్చే కంపెనీది చూసుకోండి. ఒంటి మీద చార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత వదులుగా ఉంటే ఆ మోడల్ వదిలేయండి. ముందు తుప్పు పట్టేది అక్కడే.

రంగు గురించి కొట్టువాళ్లు చెప్పరు, అడగాలి. నీలంగా మెరిసే లైటు ఎక్కువ వెలుగున్నట్టు భ్రమ పెడుతుంది. వెలుగు రంగును కెల్విన్లలో రాస్తారు, నాలుగు, ఐదు వేల మధ్య ఉన్నది కంటికి హాయి. సీఆర్ఐ, అంటే వస్తువుల రంగులు ఎంత సరిగ్గా కనపడతాయో చెప్పే అంకె, 90 అని ఉంటే ఇంకా మంచిది. ఎండుటాకుల్లో రక్తపింజర పడుకుంటే దాని ఒంటి మీది గోధుమరంగు మచ్చలు నీలం వెలుగులో ఆకుల్లో కలిసిపోతాయి. నేల మీద పడ్డది నూనో నీళ్లో కూడా రంగు బాగుంటేనే తెలుస్తుంది. సీఆర్ఐ పెరిగితే వెలుగు కొంచెం తగ్గుతుంది, ఫర్వాలేదు.

డాబాగార్డెన్స్ కొట్లలో పట్టపగలు లైటు వెలిగించి చూస్తే ఏమీ తెలియదు. స్టోర్ రూమ్‌లో లైట్లు తీసేయించి, ఖాళీ గోడ మీద వేయమనండి. మధ్యలో గట్టి చుక్క, చుట్టూ మెత్తటి వెలుగు ఉండాలి. వలయాలు, నల్లమచ్చలు ఉంటే అద్దం సరిగ్గా కూర్చోలేదని. లో మోడ్‌లో పెట్టి ఫోన్ కెమెరాలోంచి చూడండి, నల్లచారలు పరిగెడితే ఆ లైటు లోపల వేగంగా ఆరుతూ వెలుగుతోంది. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. తర్వాత తడిచేత్తో పట్టుకుని స్విచ్ నొక్కి చూడండి. బల్ల మీద అడ్డంగా పెడితే దొర్లిపోకూడదు. రెండు వేల రూపాయల చుట్టూ ఇవన్నీ ఉన్న లైటు దొరుకుతుంది. ఐదు వేలు పెట్టాల్సిన పని గార్డుకి లేదు.

లైటు ఎడమచేతికి, లాఠీ కుడిచేతికి. లైటు ఒంటికి ఆనించి పట్టుకోకుండా చెయ్యి కాస్త పక్కకి చాపి, భుజం ఎత్తులో పట్టుకోండి. షిఫ్ట్ మారేటప్పుడు రిలీవర్ ముందు ఒకసారి ఫుల్‌లో వెలిగించి చూపించి, రిజిస్టర్‌లో రాయించండి. సెల్ 3.5 వోల్టుల కింద ఉంటే ఆ సెల్‌తో రౌండ్‌కి పంపకండి, చార్జర్‌లో పెట్టి రెండోది ఇవ్వండి.