గదిని సెన్సర్ల చేతికి ఇచ్చి వెళ్లే ముందు

ఈమధ్య తెలిసినవాళ్ల ఇండోర్ ఫార్మ్‌లో ఒక్క రాత్రిలో లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) మొత్తం పోయింది. అక్కడ మట్టి ఉండదు, పోషకాలు కలిపిన ట్యాంకు నీళ్లతోనే పంట. కరెంటు పోలేదు, పంపు ఆగలేదు, నెట్ బాగానే ఉంది. ఫోన్‌లో డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఎర్ర రంగు ఎక్కడా లేదు. పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) మాత్రం 7 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు నిలబడి ఉంది. ట్యాంకు నీళ్లని పేపర్ స్ట్రిప్‌తో చూస్తే 3 దగ్గర తేలింది.

పీహెచ్ కొలిచే కడ్డీ, అంటే ప్రోబ్, దాని కొసనుండే గాజు బుడగకి సన్నటి పగులు వచ్చింది. అలా పగిలిన ప్రోబ్‌ని ఏ నీళ్లలో ముంచినా దాదాపు 7 అనే చూపిస్తుంది. కంట్రోలర్‌కి పెట్టిన లక్ష్యం 5.8. దానికి కనిపించేది 7. దాంతో తెల్లవార్లూ యాసిడ్ పోస్తూ కూర్చుంది. అలారం 7.5 దాటితే మోగేలా పెట్టారు, కాబట్టి అదీ మోగలేదు.

వరసగా సెలవులు వచ్చినప్పుడల్లా గదిని ఆటోమేటిక్‌లో పెట్టేసి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. వాళ్ల కోసమే ఇది. శుభ్రత గురించి, బూట్లు మార్చుకోవడం గురించి, లైట్ల టైమింగు గురించి చెప్పను. అవి మీకు తెలుసు. ఫార్మ్‌లని దెబ్బతీసిన తప్పు నేను చూసినంతలో ఒక్కటే: ఒకే సెన్సర్ మాట నమ్మి పంపుని తిరగనివ్వడం.

పంపుకి కళ్లెం

సెన్సర్ తప్పు చూపిస్తే నష్టం లేదు. ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు. ఆ తప్పు అంకె మీద ఆధారపడి పంపు తిరిగితేనే పంట పోతుంది. అందుకే ముందు చూడాల్సింది సెన్సర్‌ని కాదు, దాని వెనకున్న డోసింగ్ పంపుని, అంటే యాసిడ్, పోషకాలు కొలిచి పోసే పంపుని.

ఒక వారంపాటు మీ ట్యాంకు రోజుకి ఎంత యాసిడ్ తాగుతోందో రాసుకోండి. దానికి రెట్టింపు దగ్గర కంట్రోలర్‌లో రోజువారీ పరిమితి పెట్టండి. అది దాటితే పంపు ఆగాలి, ఫోన్ మోగాలి. ఇది సాఫ్ట్‌వేర్ పరిమితి. నాకు ఇంకా నమ్మకమున్నది సీసా పరిమితి. సెలవుకి వెళ్లే ముందు యాసిడ్ డబ్బాలో నిండుగా పోయకండి. ఉన్నదంతా ఒకేసారి ట్యాంకులో పడినా మొక్క బతికేంతే పోయండి. కంట్రోలర్‌కి పిచ్చెక్కినా లేని యాసిడ్‌ని పోయలేదు కదా. పీహెచ్ కొంచెం పైకి జారితే లెట్యూస్ ఆకు కాస్త పాలిపోతుంది, తర్వాత కోలుకుంటుంది. 3కి పడితే వేరు కాలిపోతుంది, కోలుకోదు. రెండు ప్రమాదాల్లో ఏది మేలో ముందే తేల్చుకుని వెళ్లండి.

రెండో కళ్లెం: యాసిడ్ పడితే పీహెచ్ దిగాలి. మూడుసార్లు పోసినా అంకె కదల్లేదంటే ముఖ్యంగా మూడు కారణాలు. ప్రోబ్ అబద్ధం చెబుతోంది, యాసిడ్ డబ్బా ఖాళీ అయింది, లేదా నీళ్లు కలవడం లేదు. మూడింటిలో ఏదైనా సరే, నాలుగోసారి పోయడం తప్పే. ఈ ఒక్క రూలు కంట్రోలర్‌లో ఉండి ఉంటే పైన చెప్పిన లెట్యూస్ బతికి ఉండేది.

ప్రోబ్ ట్యాంకులో కాకుండా పక్క గొట్టంలో ఉంటే, ఆ గొట్టంలో నీరు పారుతోందని ఫ్లో స్విచ్ చెప్పాకే డోసింగ్ మొదలవ్వాలి. నిలిచిపోయిన నీళ్లలో కూర్చున్న ప్రోబ్‌కి ట్యాంకులో ఏం జరుగుతోందో తెలీదు.

"మాకు రెండు ప్రోబులున్నాయి" అనే ధీమా కొందరిది. రెండూ ఒకే రోజు కొని, ఒకే రోజు క్యాలిబ్రేట్ చేసినవైతే (అంటే తెలిసిన ద్రావణంతో పోల్చి సరిచేసినవైతే) ముసలితనం కూడా ఒకేసారి వస్తుంది. కొన్ని నెలల తేడాతో మార్చండి. ఇంకా ముఖ్యం, రెండింటికీ సగటు తీయకండి. పగిలిన ప్రోబ్ 7 అంటుంది, మంచిది 4.6 అంటుంది, సగటు సరిగ్గా 5.8! స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటుంది, ట్యాంకులో మాత్రం వేర్లు యాసిడ్‌లో నానుతుంటాయి. రెండింటి మధ్య తేడా 0.3 దాటితే ఎవరిది నిజమో తేల్చే పని యంత్రానికి ఇవ్వకండి. డోసింగ్ ఆపి మనిషిని పిలవాలి, అంతే.

ప్రోబ్‌ని 7 బఫర్‌లో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన పరీక్ష ద్రావణంలో) ఒక్కదాంట్లోనే పరీక్షించి "బాగుంది" అనేవాళ్లున్నారు. పగిలిన ప్రోబ్ కూడా ఆ పరీక్ష పాసవుతుంది. 4 బఫర్‌లో ముంచితేనే అసలు సంగతి బయటపడుతుంది. క్యాలిబ్రేషన్‌లో స్లోప్ (పీహెచ్ మారితే ప్రోబ్ ఎంత స్పందిస్తోందో చెప్పే అంకె) 85 శాతం కంటే దిగితే మార్చేయండి, బతిమాలి వాడొద్దు. ప్రోబ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ పెట్టకండి, లోపలి లవణాలు బయటకి పోతాయి. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచండి. వాడిన బఫర్‌ని మళ్లీ సీసాలో పోయకండి.

గ్యాస్ దగ్గర పంట సంగతి తర్వాత

కార్బన్ డయాక్సైడ్ పెంచే గదుల్లో ఇదే తప్పు మనిషి ప్రాణం మీదకి వస్తుంది. మొక్కల కోసం సాధారణంగా 800 నుంచి 1200 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు) దాకా పెడతారు. చౌకగా దొరికే సెన్సర్లలో చాలావాటికి తమని తామే సరిచేసుకునే ఏర్పాటు ఒకటుంటుంది. గత వారం రోజుల్లో తాను చూసిన అతి తక్కువ విలువని బయటి గాలి, అంటే 400 పీపీఎం అని అనుకుని దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆఫీసు గదిలో ఈ లెక్క సరిపోతుంది. రాత్రికి అందరూ వెళ్లిపోతారు, గాలి మామూలు స్థితికి వస్తుంది. మూసి ఉన్న పెంపకం గది 400కి ఎప్పుడూ దిగదు. చీకట్లో మొక్కలు కూడా ఈ గ్యాస్‌నే వదులుతాయి. దాంతో సెన్సర్ రోజురోజుకీ తక్కువ చూపించడం మొదలుపెడుతుంది, కంట్రోలర్ వాల్వ్‌ని ఇంకాస్త తెరుస్తుంది. గ్రాఫ్ మాత్రం అందంగా, తిన్నగా ఉంటుంది.

సెన్సర్ బిగించే ముందే ఆ ఏర్పాటుని ఆఫ్ చేయండి. ఆఫ్ చేసే వీలు లేని సెన్సర్‌ని ఆ గదిలో పెట్టకండి. ఆఫ్ చేశాక క్యాలిబ్రేషన్ బాధ్యత మీదే, దాన్ని ఆరుబయటి గాలిలో చేయండి.

మనుషుల కోసం పెట్టే అలారం వేరే సెన్సర్‌తో, వేరే కరెంటు లైనుతో ఉండాలి. పంట కంట్రోలర్‌తో దానికి సంబంధం ఉండకూడదు. పని చేసేచోట 8 గంటల సగటుకి చాలా దేశాలు పాటించే హద్దు 5,000 పీపీఎం. 40,000 అంటే ప్రాణానికి వెంటనే ముప్పు. ఈ గ్యాస్‌కి వాసన లేదు, గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, కింద పేరుకుంటుంది. అలారం లైటు తలుపు బయట కూడా ఉండాలి. లోపలికి వెళ్లాక తెలిస్తే ఏం లాభం? ఆక్సిజన్ మీటర్ ఉంది కదా అని దీన్ని మానేయకండి. ఆక్సిజన్ అంకెలో తేడా తెలిసేలోపే ఈ గ్యాస్ మనిషిని పడగొడుతుంది.

గ్రాఫులు, లెక్కలు

డేటా విశ్లేషణ మీద నాకు కోపం లేదు. దాని చేతికి నేరుగా పంపుని ఇవ్వడం మీదే కోపం. మోడల్ (పాత డేటాతో నేర్చుకుని అంచనా చెప్పే ప్రోగ్రాము) చెప్పేది సలహా, కళ్లెం మాత్రం మామూలు రూల్స్‌ దగ్గరే ఉండాలి.

ఏడాదంతా గదిని 22 డిగ్రీల దగ్గర పట్టి ఉంచిన డేటాతో నేర్చుకున్న మోడల్‌కి 28 డిగ్రీల్లో మొక్క ఏమవుతుందో తెలీదు. అయినా అడిగితే ధైర్యంగా చెప్పేస్తుంది. లైట్లు వెలగగానే వేడి, తేమ, గ్యాస్, నీటి వాడకం అన్నీ కలిసి మారతాయి. వాటిలో ఏ రెండింటికి సంబంధం వెతికినా దొరుకుతుంది. దానర్థం ఒకటి రెండోదాన్ని నడిపిస్తోందని కాదు.

డేటా రాని చోట సాఫ్ట్‌వేర్ అటూ ఇటూ ఉన్న అంకెల్ని కలిపి గీత పూర్తి చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, ఆ రెండు గంటలు సెన్సర్ చచ్చిపోయిందన్న సంగతి మాత్రం కప్పబడిపోతుంది. ఖాళీని ఖాళీగానే చూపించమనండి. క్యాలిబ్రేట్ చేసిన ప్రతిసారీ, ప్రోబ్ మార్చిన ప్రతిసారీ ఆ సమయాన్ని డేటాలోనే రాయండి. లేకపోతే అంకెలో వచ్చిన ఎగుడుదిగుడుని మొక్కలో మార్పు అనుకుని మోడల్ దాన్నే నేర్చుకుంటుంది.

ఈసీ (నీళ్లు కరెంటుని ఎంత పారనిస్తాయో చెప్పే అంకె) సరిగ్గా ఉందని పోషకాలు సరిగ్గా ఉన్నట్టు కాదు. నీళ్లలో మొత్తం లవణాలు ఎంతో అది చెబుతుంది, ఏవో చెప్పదు. నైట్రేట్, పొటాషియం తగ్గి సోడియం పేరుకున్నా అంకె అదే. తిప్పి తిప్పి వాడే నీళ్లని అప్పుడప్పుడు ల్యాబ్‌కి పంపక తప్పదు.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను, గుర్తొచ్చినట్టు.

- గంటలతరబడి చివరి అంకె కూడా కదలని సెన్సర్ చచ్చిపోయినట్టే. నిజమైన నీళ్లు, నిజమైన గాలి అంత నిశ్చలంగా ఉండవు. మారని అంకెకి కూడా అలారం పెట్టండి.
- డేటా రావడం ఆగితే అలారం మోగాలి. చివరిగా వచ్చిన అంకెనే చూపిస్తూ కూర్చునే డ్యాష్‌బోర్డ్ వద్దు.
- డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఆన్ అవగానే కొలత తీయకుండా చదివితే 85 డిగ్రీలు అంటుంది. వైరు ఊడితే చాలా ప్రోగ్రాముల్లో మైనస్ 127 వస్తుంది. ఈ రెండు అంకెల్నీ కంట్రోలర్ నమ్మకూడదు. నమ్మితే ఒకసారి ఏసీ, ఇంకోసారి హీటరు తెగ తిరుగుతాయి.
- పొడవాటి వైర్లకి 4–20 మిల్లీయాంప్ సెన్సర్లు తీసుకోండి. వాటిలో కనీస అంకె 4, కాబట్టి సున్నా వస్తే వైరు తెగిందని తెలుస్తుంది. 0–10 వోల్టుల దాంట్లో సున్నా అంటే నిజంగా సున్నానో, తెగిన వైరో తెలీదు.
- పంపు ఆన్ అయిన క్షణంలో పీహెచ్ ఎగిరితే అది నీళ్ల మార్పు కాదు, కరెంటు లీకు. పీహెచ్, ఈసీ ప్రోబులు ఒకే ట్యాంకులో ఉంటే మధ్యలో ఐసొలేటర్ (ఒకదాని కరెంటు ఇంకోదానికి తగలకుండా విడదీసే పరికరం) పెట్టండి. నీళ్లకి కరెంటు తగులుతోందేమో కూడా చూపించండి.
- పై అరకి ఒక సెన్సర్, కింది అరకి ఒక సెన్సర్. గది మొత్తానికి ఒకే సగటు అంకె చూసి పడుకోవద్దు.
- ఏ, బీ ద్రావణాలు (విడివిడి సీసాల్లో ఉండే రెండు పోషక ద్రావణాలు) ఒకేసారి పోయొద్దు. చిక్కగా కలిస్తే కాల్షియం గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది, ఈసీ తగ్గిందని పంపు ఇంకా పోస్తుంది. చూశారా, మళ్లీ అదే తప్పు.
- యాసిడ్ పంపు, ఆల్కలీ (పీహెచ్ పెంచే ద్రావణం) పంపు ఒకే రోజు పదేపదే తిరిగాయంటే ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. సెలవు రోజుల్లో ఆల్కలీ పంపు ప్లగ్ తీసేయండి.
- ఏసీ ఆగితే లైట్లు వాటంతట అవే ఆరిపోవాలి. దీన్ని రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌తో) చేయండి, యాప్‌తో కాదు.
- నెట్ లేకపోయినా నడవాలి. లైట్లు, నీళ్లు, పరిమితులు గదిలోని కంట్రోలర్‌లోనే ఉండాలి.
- రౌటర్‌కీ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయిందని చెప్పాల్సింది అదే.
- కంట్రోలర్ గడియారం బ్యాటరీ చూడండి.
- ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో వదిలేసిన పరికరాల్నే 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల్లో పట్టేసింది. పంపుని తిప్పగల పరికరం నేరుగా ఇంటర్నెట్‌కి కనపడకూడదు.
- వెళ్లే ముందు రోజు అప్‌డేట్ చేయొద్దు.
- సెట్టింగులు మార్చొద్దు.
- కొత్త సెన్సర్ బిగించొద్దు.
- పల్చటి నీటి పొర పారే పద్ధతిలో పంపు ఆగితే చేతిలో ఉండేవి కొద్ది గంటలే, ఏరోపోనిక్స్‌లో (వేర్లని గాలిలో వేలాడదీసి నీళ్లు జల్లే పద్ధతిలో) అంత కూడా ఉండదు. గంటలో గది దగ్గరికి రాగల మనిషి లేకపోతే అసలు వెళ్లొద్దు.
- ఆ మనిషి చేతికి పేపర్ స్ట్రిప్పులు ఇవ్వండి. రోజుకి ఒకసారి ట్యాంకులో ముంచి ఫోటో పంపమనండి. స్క్రీన్ ఫోటో వద్దు, స్ట్రిప్ ఫోటో.
- ఆ స్ట్రిప్పుకీ స్క్రీన్‌కీ పడకపోతే స్ట్రిప్పునే నమ్మమనండి. డోసింగ్ స్విచ్ ఎక్కడుందో చేయి పట్టి చూపించండి. దాన్ని ఆపడానికి మిమ్మల్ని అడగక్కర్లేదని చెప్పండి.
- బయలుదేరే ముందు పీహెచ్ ప్రోబ్‌ని తీసి 7 బఫర్ గ్లాసులో పెట్టి అరగంట అలాగే వదిలేయండి. డోసింగ్ గొట్టాన్ని ట్యాంకులో కాకుండా ఖాళీ బకెట్‌లో పెట్టండి. యాసిడ్ పంపు తనంతట తాను ఆగి, మీ ఫోన్ మోగిందా? మోగకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి.