పాత ఇసుకరాతి క్వారీలో ఏ రాయి ఏమిటో తేల్చుకోవడం

కోనసీమలో గులకరాయి దొరకడమే గగనం. నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. రాయి పైకి కనపడాలంటే డెల్టా తలకట్టు దగ్గరికి, ధవళేశ్వరం, రాజమహేంద్రవరం దాకా రావాలి. అక్కణ్ణించి తూర్పుగా పెద్దాపురం, సామర్లకోట వైపు సాగే ఎర్ర మెట్టల్లో ఉన్నదే భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ‘రాజమండ్రి ఇసుకరాయి’. కాతేరులో, ఏటికి అవతల పంగిడిలో కనిపించే నల్లరాయి దీనికంటే చాలా పాతది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి లావా. దాని మీద ఎంతో కాలం తర్వాత పరుచుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టకి ధవళేశ్వరం కొండనే తవ్వి రాయి తీశారు.

ఇలాంటి పాత క్వారీలోకి రత్నాల మీద ఆశతో వెళ్ళకండి. అక్కడ కనిపించేదాంట్లో ఎక్కువ భాగం నాలుగే: పలుగురాయి (క్వార్ట్జ్), ఇనుప ఆక్సైడ్లు, తెల్లసుద్ద, చిటికెడు నల్ల ఇసుక. వీటిని కంటికి కనిపించే రంగుతో తేల్చబోతే చాలాసార్లు తప్పుతారు. చార (తెల్ల టైలు మీద గీస్తే పడే గీత), బరువు, నీళ్ళు, ముఖ్యంగా ఈ మూడింటితో తేల్చాలి.

వెళ్ళేముందు

వదిలేసిన క్వారీ అయినా ఎవరిదో ఒకరిది. లీజుదారుది కావచ్చు, రెవెన్యూ వాళ్ళది కావచ్చు, అటవీ శాఖది కావచ్చు. వీఆర్వోని అడిగితే సర్వే నంబరు తెలుస్తుంది. అనుమతి లేకుండా సుత్తి ఎత్తొద్దు. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి చివరిదాకా మంచి అదను. వానాకాలంలో గోడలు నాని జారతాయి, గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. క్వారీ గుంటకి చెరువులా ఏటవాలు గట్టు ఉండదు, ఒడ్డున కాలు జారితే నేరుగా లోతులోకే. ఈత వచ్చినవాళ్ళకీ ఎక్కి రావడానికి పట్టు దొరకదు. గోడ కింద నిలబడి పైకి కొట్టడం ఇంకో ప్రమాదం. ఇసుకరాతి గోడల్లో మెత్తటి పొర ముందు రాలి, గట్టి పొర చూరులా ముందుకు వేలాడుతుంటుంది. ఎంత ఎత్తు గోడ ఉందో కనీసం అంత దూరంలో ఉండండి. కింద రాలి పడ్డ రాళ్ళలోనే మీకు కావలసినవన్నీ దొరుకుతాయి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, రక్తపింజరకి ఇష్టమైన చోట్లవే.

సామాను ఎక్కువ అక్కర్లేదు. కిలో బరువున్న తాపీ పనివాళ్ళ సుత్తి, ఉలి, కళ్ళద్దాలు, నగల పనివాళ్ళు వాడే పది రెట్ల భూతద్దం, స్టీలు మేకు, తెల్ల టైలు ముక్క, అయస్కాంతం, పెన్సిలు. వడ్రంగి సుత్తి వద్దు. దాని మొహం గట్టి ఉలి మీద పడితే పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

ఎరుపు, పసుపు, నలుపు: చాలావరకు ఇనుమే

క్వారీ గోడ మీద ఎర్ర పట్టీ, దాని పక్కన పసుపు, మధ్యలో తారు పూసినట్టు నల్లటి పెంకు. మూడూ మూడు ఖనిజాలనుకుంటారు చాలామంది. టైలు వెనకవైపు, మెరుపు పూత లేని వైపు, తీసుకుని ఒక్కోదాన్ని రెండు సెంటీమీటర్ల మేర గట్టిగా గీయండి. నల్ల పెంకు పసుపు కలిసిన గోధుమ రంగు చార వేసిందంటే గీథైట్ అనే ఇనుప ఖనిజం. ఆరిన రక్తం రంగు చార పడితే హెమటైట్, అదీ ఇనుప ఖనిజమే. చార కూడా నల్లగానే ఉండి, వేలికి మసిలా అంటితే మాంగనీస్ ఆక్సైడు. మాగ్నెటైట్ అనే ఇంకో ఇనుప ఆక్సైడు కూడా నల్ల చారే వేస్తుంది, కానీ అది అయస్కాంతానికి ఠక్కున అతుక్కుంటుంది. గీథైట్, హెమటైట్ మామూలు అయస్కాంతానికి అంటుకోవు. ‘అంటుకోలేదు కాబట్టి ఇనుము కాదు’ అనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

టైలు ఎంపికలో ఒక తిరకాసుంది. కొన్ని గోడ టైళ్ళ వెనక భాగం ఎర్రమట్టిది. దాని మీద ఎర్ర చార కనపడదు. వెనక కూడా తెల్లగా ఉన్నదే ఏరుకోండి.

పసుపు మట్టి గీథైటేనా అని ఇంట్లో తేల్చుకోవడం తేలిక. ఒక రోజంతా ఎండబెట్టి, పొడిచేసి, పాత ఇనుప గరిటెలో చెంచాడు వేసి ఆరుబయట పొయ్యి మీద పది నిమిషాలు వేడిచెయ్యండి. అంచుల నుంచి మొదలై మధ్యకి పాకుతూ పసుపు కాస్తా జేగురు రంగుకి తిరుగుతుంది. గీథైట్‌లో నీరు బందీగా ఉంటుంది. వేడికి ఆ నీరు పోయి హెమటైట్ మిగులుతుంది. చల్లారినా పసుపు తిరిగి రాదు. సరిగ్గా ఎండకుండా పొయ్యి మీద పెడితే తేమ ఆవిరై పొడి చిట్లి మొహాన పడుతుంది.

గుండ్రటి ఇనుపరాతి ఉండలు కూడా దొరుకుతాయి. పగలగొడితే ఉల్లిపాయలా పొరలు, నడుమ వదులు ఇసుక. ఊపితే లోపల గలగల అంటే పగలగొట్టకుండా దాచండి, అదే అందం. ఇక పగులు ముఖం మీద ఫెర్న్ ఆకులా విచ్చుకున్న నల్ల గీతలు చూసి ‘ఆకు శిలాజం’ అని ఫొటోలు పెడుతుంటారు. అది మాంగనీస్. ఆకైతే నడి ఈనె ఉండాలి. దీనికి ఉండదు. సూదితో గీరితే నల్ల పొడి రాలి కింద శుభ్రమైన రాయి బయటపడుతుంది.

తెల్లగా ఉన్నదల్లా సున్నం కాదు

ఇసుక గింజల మధ్య పిండిలా ఉన్న తెలుపు సాధారణంగా కయోలిన్. గ్రానైటు జాతి రాళ్ళలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్ళి మిగిలిన సుద్ద అది. తడి వేలికి అంటుకుంటుంది, గోటితో గీరితే రాలుతుంది. ద్వారకాతిరుమల ప్రాంతంలో పింగాణీ పనికి తవ్వే బాల్ క్లే దీని చుట్టమే. సున్నం అవునో కాదో తేల్చడానికి ఒక చుక్క ఆమ్లం చాలు. బాత్రూం యాసిడ్ అయితే మూడు వంతుల నీళ్ళలో ఒక వంతు యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. నురగ వస్తే కాల్సైటు, అంటే సున్నపు ఖనిజం; కదలిక లేకపోతే కయోలిన్. పైన పడ్డ నత్తగుల్ల ముక్క కూడా నురగ తెప్పిస్తుంది కాబట్టి తాజాగా పగలగొట్టిన ముఖం మీదే చుక్క వెయ్యండి.

వాన వెలిశాక గోడ అడుగున గడ్డకట్టే తెల్ల పొర వేరు. అది ఉప్పు. నాలికతో చూడొద్దు. చిటికెడు నీళ్ళలో కరిగించి అద్దం ముక్క మీద ఒక చుక్క ఆరనివ్వండి. భూతద్దంలో చిన్న చిన్న చదరాలు కనిపిస్తే మనం తినే ఉప్పే. సూదుల్లా ఉంటే జిప్సంలాంటి సల్ఫేటు కావచ్చు.

గాలింపు

ఈ ఇసుకరాయిలో అసలు సంగతి కంటికి ఆనని గింజల్లో ఉంటుంది. బియ్యంలో రాళ్ళు గాలించడం వచ్చినవాళ్ళకి ఈ పని కొత్త కాదు. అక్కడ బియ్యం నీళ్ళతో జారిపోయి రాళ్ళు అడుగున మిగులుతాయి, ఇక్కడ పలుగు ఇసుక జారిపోయి బరువు గింజలు మిగులుతాయి. పలుగు నీటికి 2.65 రెట్ల బరువు. నల్ల ఇసుకలో దొరికే ఖనిజాల్లో ఇల్మనైట్, జిర్కాన్ దాదాపు 4.7 రెట్లు, గార్నెట్ 4 చిల్లర.

చేత్తో నలిపితే పొడయ్యే రాయి రెండు కిలోలు బకెట్లో రాత్రంతా నాననివ్వండి. పొద్దున పిసికి, కలిపి, ఇరవై సెకన్లు ఆగి బురదనీళ్ళు వంచెయ్యండి. నీళ్ళు తేటపడేదాకా, ఎనిమిది పదిసార్లు. ఇక్కడ తొందరపడితే తర్వాత అంతా వృథా. మిగిలిన సుద్ద ఉండల్లో సన్న జిర్కాన్ చిక్కుకుని వాటితోపాటే కొట్టుకుపోతుంది. తర్వాత టీ జల్లెడలో వడకట్టి, వాలు అంచున్న స్టీలు పళ్ళెంలో రెండు గుప్పిళ్ళు వేసి నీళ్ళు పొయ్యండి. ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే సన్న గింజలు నీటి పైన తేలిపోకుండా మునుగుతాయి. ముందు పళ్ళెం బల్లపరుపుగా పట్టి అటూ ఇటూ కుదపండి, బరువువి అడుగుకి దిగాలి. ఆ తర్వాతే ఒక పక్కకి వంచి పై పొర జారవిడవండి. కుదపకుండా మొదటినుంచీ వంచడమే అందరూ చేసే తప్పు.

చివరికి అంచున కాటుక గీతలా నల్లటి వంపు మిగులుతుంది. ఆరబెట్టి కాగితం మీద పరవండి. అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టాకే దగ్గరికి తీసుకెళ్ళండి. వట్టి అయస్కాంతానికి అంటుకున్న మాగ్నెటైట్ మళ్ళీ ఊడదు. పాత హార్డ్ డిస్కులో దొరికే బలమైన అయస్కాంతానికి ఇల్మనైట్, కాస్త బద్ధకంగా గులాబీరంగు గార్నెట్ కూడా కదులుతాయి. కదలనివాటిలో జిర్కాన్, రూటైల్, సన్న పుల్లల్లాంటి సిల్లిమనైట్ చూడండి. గార్నెట్, సిల్లిమనైట్ జంటగా కనిపిస్తే వాటి పుట్టిల్లు తూర్పు కనుమల ఖోండలైట్ రాయి అని చెప్పొచ్చు. నోట్లు పరీక్షించే టార్చితో జిర్కాన్ వెలుగుతుందని ఆశపడొద్దు. దానికి 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కావాలి, ఆ వెలుగు కళ్ళకి చేటు.

ఇదే నల్ల ఇసుక అంతర్వేది వైపు తీరంలో పోగుపడి కనిపిస్తుంది. అక్కణ్ణించి బస్తాలకెత్తుకురావడం మాత్రం కుదరదు. అందులో థోరియం ఉన్న మోనజైట్ ఉంటుంది, తీర ఇసుక ఖనిజాలు అణు ఖనిజాల నిబంధనల కిందికి వస్తాయి. చూసి వదిలెయ్యండి.

తూకం

అనుమానం తీరని రాయిని వంటింటి తూకం మీద తేల్చొచ్చు. రాయి పొడిగా ఎంతుందో చూడండి, 132 గ్రాములనుకుందాం. గ్లాసుడు నీళ్ళు తూకం మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి అడుక్కి, గోడకి తగలకుండా ముంచండి. ఇప్పుడు 50 చూపిస్తే 132ని 50తో భాగించండి, 2.64. పలుగే. 40 చూపిస్తే 3.3, ఇనుము బాగా పట్టిన రాయి. సన్న రంధ్రాలున్న రాయి నీళ్ళు పీల్చి లెక్క చెడగొడుతుంది, గాలిబుడగలు కూడా అంతే. పలుగు, చెకుముకి జాతి గులకలకే ఈ లెక్క నమ్మకంగా వస్తుంది.

ఇంటికి తెచ్చాక

ఉప్పు పీల్చిన రాయిని అలాగే అలమరలో పెడితే వర్షాకాలం వెళ్ళేసరికి పైపొర పొడిగా రాలుతుంది. గట్టి రాళ్ళని రోజూ నీళ్ళు మారుస్తూ నాలుగు రోజులు మంచినీళ్ళలో ఉంచండి. మెత్తటి ఇసుకరాయిని నానబెట్టకండి, కరిగిపోతుంది, కుంచెతో దులిపితే చాలు. పలుగు మీది తుప్పు మరకకి లీటరు ఆర్‌వో నీళ్ళలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి ప్లాస్టిక్ బకెట్లో మూడు రోజులు ఎండలో పెట్టండి. బోరు నీళ్ళు వాడితే అందులోని సున్నంతో కలిసి కొత్త తెల్లపూత కడుతుంది. ఆక్సాలిక్ యాసిడ్ విషం. చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లలకీ కోళ్ళకీ అందనివ్వొద్దు. కాల్సైటుని ఇందులో వెయ్యకూడదు. తీశాక ఒకరోజు వంటసోడా నీళ్ళలో ఉంచి కడగండి.

చీటీ పెన్సిలుతో రాయండి. తేమకి పెన్ను సిరా పాకిపోతుంది. ఊరు, తేదీ, ఏ గోడ కింద దొరికిందో రాసి రాయితోపాటు కవర్లో వెయ్యండి. రాయిలా మారిన చెక్క కనిపిస్తే, నారల వరస కంటికి తెలుస్తుంది, మేకుకి గీత పడదు, దాన్ని మాత్రం కొట్టొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగానికి చోటు చెప్పండి.