సూప్రల్యాప్సేరియనిజమ్: విడదీసి పలకడం ఎలా?

ఎవరు రక్షణ పొందాలన్న దేవుని నిర్ణయం, తర్కక్రమంలో, ఆదాము పతనాన్ని (పాపంలో పడడాన్ని) అనుమతించిన నిర్ణయం కన్నా ముందే ఉందని చెప్పే కాల్వినిస్టు (జాన్ కాల్విన్ బోధను అనుసరించే ప్రొటెస్టెంటు క్రైస్తవుల) వాదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఇది. దీన్ని సగం మింగి సగం పలికే వక్తలను తరచుగా వింటున్నందువల్ల, సరైన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

పెన్సిలు, కాగితం, ఉచ్చారణ గుర్తులున్న నిఘంటువు చాలు. పదాన్ని సూ-ప్ర-ల్యాప్-సే-రి-అ-ని-జమ్ అని ఎనిమిది ముక్కలుగా రాసుకోండి. నిఘంటువులో పదం మధ్య కనిపించే చుక్కలను బట్టి లెక్కిస్తే ఏడే వస్తాయి. ఆ చుక్కలు అచ్చులో పంక్తి చివర పదాన్ని ఎక్కడ విరవవచ్చో చెప్పడానికే తప్ప నోటికి దారి చూపడానికి కాదు. ‘ల్యాప్’ను ల్యాప్‌టాప్‌లో పలికినట్టే పలకాలి.

అసలు చిక్కు ఊనికతో వస్తుంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి, ఎనిమిది ముక్కలకూ సమాన బలం ఇచ్చి, ఎక్కాలు అప్పజెప్పినట్టు పదాన్ని ముగిస్తాం. అలా చేయకూడదు. ప్రధానమైన ఊనిక ‘సే’ మీద పడాలి; అక్కడ నోరు మామూలు ఏత్వానికి కన్నా కొంచెం ఎక్కువ తెరిచి, స్వరం పెంచి, కాస్త నిలవాలి. మొదటి ‘సూ’కు కొద్దిపాటి బలం చాలు. ‘ప్ర’లోని అకారం, ‘రి’ తరువాతి అకారం వినీవినబడనట్టు తేలిపోవాలి. వాటిని దీర్ఘం చేసి ‘సూప్రా’ అని సాగదీస్తే ఊనిక ముందుకు జారి, ‘సే’ చచ్చుబడుతుంది. చివర కూడా జాగ్రత్త అవసరం: మన జకారం పెడితే తెలుగు ‘నిజం’ వినిపిస్తుంది. సకారం పలుకుతూనే గొంతును కంపింపజేస్తే సరైన ధ్వని వస్తుంది.

సాధన ఎప్పుడూ వెనుక నుంచే మొదలుపెట్టాలి: ‘నిజమ్’, ‘అనిజమ్’, ‘రిఅనిజమ్’, ‘సేరిఅనిజమ్’, ఆపైన మిగిలినవి. ముందు నుంచి మొదలుపెట్టేవారికి ‘ల్యాప్’ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి, ధైర్యం రెండూ తగ్గిపోతాయి. వెనుక నుంచి వచ్చేవారు ప్రతిసారీ తెలిసిన దారిలోకే అడుగుపెడతారు. పైగా, రక్షణ నిర్ణయం పతనాన్ని అనుమతించిన నిర్ణయం తరువాతిదని చెప్పే దీని ప్రతివాదమైన ‘ఇన్‌ఫ్రల్యాప్సేరియనిజమ్’కు కూడా ఇదే తోక. 1618–19లో నెదర్లాండ్స్‌లో కాల్వినిస్టు సంఘాలు జరిపిన డార్ట్ సభలో వేదాంతి గోమారస్ మొదటి పక్షంవాడు కాగా, సభ నిర్ణయాల పదజాలం రెండో పక్షం వైపు మొగ్గింది కనుక, ఆ చరిత్ర చెప్పేవారికి రెండు పేర్లూ తప్పవు. రెండింటినీ ఒకే వాక్యంలో పోల్చేటప్పుడు మాత్రం, తేడా తెలియడానికి ‘సూ’, ‘ఇన్’లను కాస్త నొక్కి పలకవచ్చు.