టేకు కుర్చీకి ఒక జాయింటు, ప్లైవుడ్ అల్మారాకు మరొకటి

హైదరాబాద్ ఫ్లాట్లలో చేయిస్తున్న వార్డ్‌రోబ్‌లు, వంటగది కప్‌బోర్డులు చాలావరకు ప్లైవుడ్‌తోనో, ఎండీఎఫ్‌తోనో (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన బోర్డు) తయారవుతున్నాయి కాబట్టి, ఉలితో తొలిచి బిగించే పాత జాయింట్లతో ఇక పనిలేదని చాలామంది అనుకుంటున్నారు. ఆ మాట బోర్డు పనికి వర్తిస్తుంది గాని, అసలు చెక్కతో చేసే కుర్చీకి, బల్లకు వర్తించదు.

ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి గనుక అది వాతావరణాన్ని బట్టి పెద్దగా పెరగదు, తగ్గదు. దానికి స్క్రూలు, డోవెళ్లు (రంధ్రాల్లో దించే గుండ్రటి చెక్క పుల్లలు), మినీఫిక్స్ (తిప్పితే బిగుసుకునే లోహపు బిగింపులు) సరిపోతాయి. అంచులో స్క్రూ దించే ముందు సన్నని రంధ్రం వేయకపోతే మాత్రం పొరలు విచ్చుకుంటాయి.

టేకు అలా కాదు. మే నెల ఎండకు కుంచించుకుని, వానాకాలపు తేమకు ఉబ్బుతుంది; ఆ మార్పు నారకు (చెక్కలో పీచు సాగే దిశకు) అడ్డంగానే ఎక్కువ, పొడవునా దాదాపు ఉండదు. పైగా కుర్చీలో వెనక్కి వాలిన ప్రతిసారీ ఒత్తిడి ఎక్కువగా వెనక కాలు, పక్కపట్టీ కలిసే చోటే పడుతుంది. పట్టీ కొసను కాలికి ఆనించి మేకు కొడితే, కొస నారలో జిగురూ గట్టిగా పట్టదు, మేకూ కొంతకాలానికి వదులవుతుంది. అదే పట్టీ కొసను నాలుకలా చెక్కి కాలిలో తొలిచిన గాడిలోకి దింపితే, నార వెంబడి ఉన్న ముఖాలు రెండూ జిగురును పట్టుకుంటాయి.

నాలుక మందం పట్టీ మందంలో సుమారు మూడో వంతు ఉండాలి. 24 మిల్లీమీటర్ల పట్టీకి 8 మిల్లీమీటర్ల ఉలి వెడల్పు అయితే లెక్క సరిపోతుంది. ముందు గాడిని తొలిచి, దానికి తగ్గట్టు నాలుకను తర్వాత చెక్కాలి, ఎందుకంటే నాలుకను చిత్రికతో కొద్దికొద్దిగా తగ్గించడం సులువు, గాడిని సరిదిద్దడం కష్టం. గాడి లోతు నాలుక పొడవు కంటే 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే మిగులు జిగురుకు చోటు దొరుకుతుంది. చేత్తో నొక్కితే సగం దిగి, మిగతాది చెక్క సుత్తి తేలిక దెబ్బలకు దిగాలి. బలంగా కొట్టాల్సి వస్తే కాలు చీలుతుంది. తిరగేస్తే జారిపడిపోతే జిగురు ఒక్కటే దాన్ని ఎంతోకాలం మోయలేదు.

బల్ల పైచెక్కను ఫ్రేముకు జిగురుతో అతికించకూడదు. వెడల్పాటి చెక్క ఋతువును బట్టి కొన్ని మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి, పొడుగాటి రంధ్రాల్లో స్క్రూలు బిగించి ఆ కదలికకు వీలివ్వాలి. లేకపోతే పైచెక్క పగులుతుంది.

పాలిష్ పడ్డాక లోపల మేకు ఉందో, నాలుక ఉందో తెలియదు. అందుకే ఫ్రేమును జిగురు లేకుండా ఒకసారి బిగించి చూపించమని మేస్త్రీని ముందే అడగండి. అప్పుడే టేపుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉండే రెండు కొలతలూ చూసి, రెండూ సమానమైతేనే జిగురు వేయమనండి.