కంప్రెషన్ బాగున్నా ఎత్తు అందుకోని పాత సెస్నా

లక్షణం: 1970ల నాటి సెస్నా 172 కొన్నారు. 150 హార్స్‌పవర్ ఇంజను తీసేసి 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-360 బిగించిన విమానం. కొత్త రంగు, ప్యానెల్ నిండా గాజు తెరలు. ఇంజను సాఫీగా తిరుగుతోంది, కంప్రెషన్ (సిలిండర్లు గాలిని లీకు కాకుండా పట్టి ఉంచడం) నిక్షేపంగా ఉంది. ఇద్దరే ఎక్కినా ఎత్తు అందుకోవడానికి మాత్రం ఆపసోపాలు పడుతోంది.

ముందు టాకోమీటరు, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే మీటరు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడనిది ఇదే. కేబుల్‌తో తిరిగే పాత మీటరు యాభై, వంద ఆర్‌పీఎం తక్కువ చూపించడం మామూలే. చేత్తో పట్టుకునే ఆప్టికల్ మీటరుతో సరిచూసుకోండి. ఆ తరువాత గాలి లేని వేళ బ్రేకులు పట్టి, పూర్తి థ్రాటిల్ ఇచ్చి, వచ్చిన అంకెను ఎస్‌టీసీ (ఇంజను మార్పుకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే అనుమతి) పత్రాల్లోని హద్దులతో పోల్చండి. సెస్నా ఇచ్చిన పాత పుస్తకంలోని అంకె తీసేసిన ఇంజనుది, దానితో పని లేదు.

ఎస్‌టీసీ పత్రాలు, పెద్ద మార్పులను నమోదు చేసే ఫారం 337 అమ్మినవారు ఇవ్వలేదా? ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీ నుంచి ఆ విమానం రికార్డు మొత్తం తెప్పించుకోండి. కొనేముందు చేయవలసిన పని ఇది, సరే.

అంకె తక్కువగా ఉంటే ప్రొపెల్లర్ హబ్ మీద చెక్కిన పిచ్ (రెక్కల వాలు కొలత) చదవండి. వేగం కోసం ఎవరో ఎక్కువ పిచ్ పెట్టించి ఉండవచ్చు. అదైతే ప్రొపెల్లర్ షాపులో తీరిపోతుంది. అంకె హద్దుల్లోనే ఉంటే విమానాన్ని కాటా ఎక్కించండి. కాగితం మీద దశాబ్దాలుగా కూడుతూ తీసివేస్తూ వచ్చిన బరువును నమ్మకండి.

పిచ్ సరిగ్గానే ఉండి ఆర్‌పీఎం రాకపోతే ఇంజను కవాటాలను తెరిచే కడ్డీని, అంటే క్యామ్‌షాఫ్ట్‌ను అనుమానించాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

టెక్సస్ గల్ఫ్ తీరంలో ఒక మిత్రుడు కొనబోతున్న విమానాన్ని చూడడానికి వెళ్లాను. ఓవర్‌హాల్ (ఇంజను మొత్తం విప్పి బాగుచేయడం) తరువాత నడిచినది 310 గంటలే. కంప్రెషన్ పరీక్షలో నాలుగు సిలిండర్లూ 80కి 76 పైనే చూపించాయి. కొనమన్నాను. ఆ 310 గంటలు పద్నాలుగేళ్లలో నడిచినవని, అందులో మూడేళ్లు అది ఉప్పుగాలిలో కదలకుండా పడి ఉందని లాగ్‌బుక్కులో కళ్లెదుటే ఉంది. గంటలు చూశాను కానీ తేదీలు చూడలేదు. రెండోసారి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోస్తే మడతల్లో మెరిసే తునకలు. అయస్కాంతం పెడితే అంటుకున్నాయి, అంటే ఉక్కు.

ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజను ఆపగానే నూనె కిందికి జారిపోతుంది. నెలల తరబడి కదలకపోతే లోపలి చెమ్మకు లోబులు (కవాటాలను నెట్టే క్యామ్‌షాఫ్ట్ ఉబ్బులు), వాటి మీద ఆనే ట్యాపెట్ల ముఖాలు తుప్పు పట్టి గుంటలు పడతాయి. మళ్లీ నడిపినప్పుడు అక్కడి గట్టి పొర రేకులుగా రాలి లోబు అరుగుతుంది, కవాటం తెరవవలసినంత తెరుచుకోదు. కంప్రెషన్ పరీక్ష దీన్ని పట్టుకోలేదు. అది కవాటాలు రెండూ మూసి ఉన్నప్పుడు చేసేది, లోబు సగం పోయినా ఆ అంకె చెక్కుచెదరదు. పైగా ఎదురెదురు సిలిండర్ల ఇన్‌టేక్ కవాటాలకు ఒకే లోబు. నష్టం రెండు వైపులా సమానమై ఇంజను వణకను కూడా వణకదు.

నిర్ధారణకు ఫిల్టర్ కోసి చూడాలి. తరువాత రాకర్ మూతలు తీసి ప్రతి కవాటం ఎంత లేస్తోందో డయల్ గేజ్‌తో కొలిచి పోల్చాలి. హైడ్రాలిక్ ట్యాపెట్లలోని నూనె ఖాళీ చేయకుండా కొలిస్తే అంకె మోసం చేస్తుంది. ఇంకా అనుమానముంటే ఒక సిలిండర్ ఊడదీసి లోబులను కంటితో చూడండి. అమ్మేవారు ఫిల్టర్ కోయడానికే ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చేయండి.

చికిత్స ఒక్కటే, ఇంజను కేసు విప్పడం. ఈ ట్యాపెట్లు బయటి నుంచి రావు. తునకలు నూనెతో పాటు తిరిగాయి కాబట్టి బేరింగులు, ఆయిల్ పంపు, కూలర్ కూడా చూడాలి. ఖర్చు ఓవర్‌హాల్ దాకా పోతుంది. ఓవర్‌హాల్‌కు లైకమింగ్ చెప్పే గడువు కూడా 2,000 గంటలు ఒక్కటే కాదు, 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. బేరం ఆ లెక్కతోనే ఆడాలి. మిత్రుడికి ఈ మాట ఆలస్యంగా చెప్పాను.

విప్పి బాగుచేశాక 30 రోజులు దాటకుండా కనీసం ఒక గంట ఎగరండి, నూనె 165 నుంచి 200 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య కాగాలి. హ్యాంగర్ ముందు పది నిమిషాలు తిప్పి ఆపడం ఇంకా చేటు. చెమ్మ చేరుతుంది, ఆవిరైపోయేంత వేడి రాదు.

మఫ్లర్ లోపలి రేకు ఊడి అడ్డం పడడం, కార్బురేటర్‌కు వేడి గాలి పంపే హీట్ తలుపు సరిగా మూసుకోకపోవడం, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో టైమింగ్ తప్పడం కూడా ఉంటాయి. ఏటా జరిగే తనిఖీని శ్రద్ధగా చేసే మెకానిక్‌కు అవి ఒక పూట పని.