పొర ఒకటే, గ్యాపులు రెండు: అమార్ఫస్ సిలికాన్ ఆప్టికల్ ఫిట్టింగులో చిక్కులు, పరిష్కారాలు

హైదరాబాదులోని మా ల్యాబుకు వచ్చే ప్రతి కొత్త విద్యార్థీ ఎప్పుడో ఒక రోజు ఈ ప్రశ్నతో నా బల్ల దగ్గరికి వస్తాడు. "సార్, ఈ సిలికాన్ పొర బ్యాండ్ గ్యాప్ (అది కాంతిని గట్టిగా మింగడం మొదలుపెట్టే శక్తి) పొద్దున 1.68 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది, భోజనం తర్వాత 1.80 వచ్చింది. ఏది రాయమంటారు?" మధ్యలో పొర ఏమీ మారలేదు. మారింది గ్రాఫు మీద అతను గీత గీసిన చోటు.

సమస్య: టాక్ ప్లాట్‌లో బ్యాండ్ గ్యాప్ నిలకడగా రావడం లేదు

(టాక్ ఒక చెక్ శాస్త్రవేత్త. ఆయన పేరును వాళ్ల భాషలో "టౌట్స్" అని పలకాలి. మన ల్యాబుల్లో మాత్రం టాక్ అనే స్థిరపడిపోయింది.)

1966 నాటి ఈ పద్ధతిలో శోషణ గుణకాన్ని (పదార్థం కాంతిని ఎంత గట్టిగా మింగుతుందో చెప్పే సంఖ్య) ఫోటాన్ శక్తితో గుణించి, వర్గమూలం తీసి, శక్తికి ఎదురుగా గీస్తాం. సరళరేఖలా కనిపించే భాగాన్ని కిందికి పొడిగిస్తే, అది అక్షాన్ని తాకిన చోటే గ్యాప్ అంటాం. చిక్కంతా "సరళరేఖలా కనిపించే" అన్న మాటలోనే ఉంది. అస్ఫటిక పదార్థంలో పట్టీల అంచు కోసినట్టు ఉండదు. దాని కింద ఉర్బాక్ తోక, అంటే గ్యాప్ కింద క్రమంగా సన్నగిల్లే బలహీన శోషణ, వేలాడుతుంది. మంచి హైడ్రోజనేటెడ్ అమార్ఫస్ సిలికాన్‌లో ఆ తోక వాలు సుమారు 50 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. స్కేలు ఆ తోక మీదికి జారితే గ్యాప్ తగ్గిపోతుంది.

సరిచేయడం: శోషణ గుణకం సెంటీమీటరుకు 10,000 దాటిన బిందువులనే తీసుకోండి. అయితే 1 మైక్రాన్ పొరలో అది 50,000కు చేరేసరికి 1 శాతం వెలుతురు కూడా అవతలికి రాదు, మీ సరళరేఖ నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకే 300 నానోమీటర్ల పొర ఇంకొకటి వేసుకోండి. ఏ శక్తి నుంచి ఏ శక్తి వరకు ఫిట్ చేశారో గ్యాప్ పక్కనే రాయండి. అది రాయని గ్యాప్‌ను నేను నమ్మను.

సమస్య: టాక్ గ్యాప్ కదలదు, ఈ-జీరో-ఫోర్ మాత్రం తేడాగా ఉంది

ఈ-జీరో-ఫోర్ అంటే శోషణ గుణకం సరిగ్గా 10,000 అయ్యే శక్తి. మందం తప్పయితే శోషణ గుణకం అన్నిచోట్లా దాదాపు ఒకే నిష్పత్తిలో తప్పుతుంది. అప్పుడు టాక్ రేఖ వాలు మారుతుందే గాని, అది అక్షాన్ని తాకే చోటు మారదు. ఈ-జీరో-ఫోర్ మాత్రం జరిగిపోతుంది. కాబట్టి దొంగ మందమే.

మందం ఎలా తప్పుతుందో ఒక లెక్కలో చూడండి. పొర రెండు ముఖాల నుంచి తిరిగిన కాంతి కలిసి ట్రాన్స్‌మిషన్ (పొర దాటి వచ్చే కాంతి) వక్రంలో శిఖరాలు పుట్టిస్తుంది. పక్కపక్క శిఖరాలు 1000, 900 నానోమీటర్ల దగ్గర వచ్చాయనుకుందాం. వక్రీభవన గుణకం రెండు చోట్లా 3.55 అనుకుంటే మందం 1268 నానోమీటర్లు వస్తుంది. నిజానికి ఆ గుణకం 1000 దగ్గర 3.50, 900 దగ్గర 3.60 అయితే మందం సరిగ్గా 1000. సరిచూసుకోవడమూ తేలికే: వక్రీభవన గుణకాన్ని మందంతోనూ 2తోనూ గుణించి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే శిఖరానికి పూర్ణాంకం రావాలి. ఇక్కడ 7, 8 వచ్చాయి. 1268 పెట్టి చూస్తే 9.0, 10.0 వచ్చి మిమ్మల్ని మోసం చేస్తాయి. అందుకే మూడో శిఖరాన్ని, నాలుగో శిఖరాన్ని కూడా లెక్కలోకి తేవాలి. 1983లో స్వానెపోల్ చూపిన ఎన్వలప్ పద్ధతి చేసేది ఇదే. కుదిరితే ప్రొఫైలోమీటరుతో (పొర అంచు మెట్టు ఎత్తును కొలిచే పరికరం) ఒకసారి కొలవండి, వాదన తీరిపోతుంది.

సమస్య: పారదర్శకంగా ఉండాల్సిన చోట శోషణ కనిపిస్తోంది

డిఫెక్టులు దొరికాయని సంబరపడకండి. 1 మైక్రాన్ పొరలో ట్రాన్స్‌మిషన్ 1 శాతం తప్పితే చాలు, సెంటీమీటరుకు 100 అబద్ధపు శోషణ పుడుతుంది. ముందు గాజు స్లైడును అంచు వైపు నుంచి చూడండి. ఆకుపచ్చగా కనిపిస్తే అందులో ఇనుము ఉన్నట్టు, అది 1000 నానోమీటర్ల ప్రాంతంలో కొంత వెలుతురు మింగుతుంది. ఖాళీ స్లైడును విడిగా కొలిచి మోడల్‌లో చేర్చండి. కాంతి పడే మచ్చలోనే పొర మందం మారుతున్నా శిఖరాలు పొట్టివై శోషణలాగే కనిపిస్తాయి. చిన్న అపర్చరు పెట్టి మళ్లీ కొలవండి.

సమస్య: టాక్-లోరెంజ్ ఫిట్ అద్భుతంగా ఉంది, పరామితులు అసంబద్ధంగా ఉన్నాయి

టాక్-లోరెంజ్ అంటే పొర కాంతి గుణాలు శక్తితో ఎలా మారతాయో చెప్పే ఒక సూత్రం. 1996లో జెలిసన్, మోడీన్ ఇచ్చిన ఈ నమూనాలో గ్యాప్ కింద శోషణ పూర్తిగా సున్నా. తోక ఉన్న డేటాను కూడా ఫిట్ చేయమంటే పాపం అది ఏం చేస్తుంది? గ్యాప్‌ను కిందికి లాగి సర్దుకుంటుంది. ఫిట్‌ను గ్యాప్ పైభాగానికే పరిమితం చేయండి, తోక కూడా కావాలంటే దాన్ని కలుపుకునే కోడీ-లోరెంజ్ నమూనా వాడండి. ఎలిప్సోమెట్రీ (పొర మీద పడి తిరిగొచ్చే కాంతి ధ్రువణంలో మార్పును కొలిచే పద్ధతి) డేటా అయితే పైన కొద్ది నానోమీటర్ల గరుకు పొరను, సగం సిలికాన్ సగం ఖాళీగా, చేర్చండి. ఆ పొర లేకపోతే గరుకుతనం భారమంతా నమూనాలోని శోషణ శిఖరం ఎత్తు మీద, వెడల్పు మీద పడుతుంది. తర్వాత పది వేర్వేరు ప్రారంభ విలువలతో నడపండి. పది జవాబులు వస్తే మీ డేటాలో అన్ని పరామితులకు సరిపడా సమాచారం లేదన్నమాట. మందాన్ని బయట కొలిచి స్థిరంగా పెట్టేస్తే సగం గొడవ పోతుంది.

సమస్య: స్పెక్ట్రం మధ్యలో మెట్టు

800 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉంటే డిటెక్టరు మారిన చోటు. వానాకాలంలో కరెంటు పోయి వచ్చాక పాత బేస్‌లైన్‌తోనే (శాంపిల్ లేకుండా ముందుగా తీసే కొలత) కొలిచిన రోజుల్లో ఇది ఎక్కువ. దీపాన్ని అరగంట వెలగనిచ్చి బేస్‌లైన్ మళ్లీ తీసుకోండి.